మెదడు కంతికి శస్త్రచికిత్స జరిగిన పిమ్మట
రోగి బంధువులకు పంచాయతీ సభ్యులు చెప్పవలసిన సంగతులు

మల్దకల్ మండలమందలి ఏదేని ఒక గ్రామమున, ప్రత్తి విత్తనపు చేనిలో పనిచేయుచున్న నలుబది యేండ్ల మనిషికి పూర్వమెన్నడును లేని మూర్ఛ ఒకనాడు హఠాత్తుగా వచ్చినదనుకొందము. లేదా, ఒక గృహిణికి నెల దినములుగా తెల్లవారి లేచునప్పటికి తలనొప్పియు, దానితో వాంతియు కలుగుచున్నవనుకొందము. ఇంటివారు మొదట తాళపుచెవి చేతిలో పెట్టుదురు, ఉల్లిగడ్డ వాసన చూపుదురు, తాయెత్తు కట్టింతురు. చివరకు గద్వాలకో, కర్నూలుకో, రాయచూరుకో పోయి తలకు స్కానింగు తీయించినపుడు మెదడులో కంతి ఉన్నదని తేలును. ఆ సాయంకాలమే సర్పంచి గడపకో, వార్డు సభ్యుని అరుగు మీదికో ఆ కుటుంబము వచ్చును. "తల కోసిన మనిషి బ్రతుకునా? బ్రతికినను మనిషిగా మిగులునా?" అని అడుగుదురు.

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుట డాక్టరు పని. అయినను, శస్త్రచికిత్స ముగిసిన తరువాత ఆ రోగిని ఎక్కడ ఉంచుదురు, అచ్చట ఏమి జరుగును, బంధువులు ఏమి చేయవచ్చును, ఏమి చేయరాదు అను సంగతులు పంచాయతీ సభ్యునకు తెలిసియుండినచో, ఆ కుటుంబము తొందరపాటున చేయు కొన్ని పనులను ఆపగలుగును. వానిలో మిక్కిలి ప్రమాదకరమైనది, రెండవనాడో మూడవనాడో రోగి స్థితి చూచి భయపడి, కాగితము మీద సంతకము చేసి ఇంటికి తీసుకొనిపోవుట. ఆ సమయమే చికిత్సలో అత్యంత కీలకమైన సమయమను విషయము వారికి ఎవరును ముందుగా చెప్పియుండరు.

మూత బిగించిన చెంబు

మన కపాలము మూత గట్టిగా బిగించిన చెంబు వంటిది. పెద్దవారిలో అది సాగదు. దానిలో సుమారు 1,400 గ్రాముల మెదడు, కొంత రక్తము, మెదడు చుట్టును వెన్నుపాము చుట్టును తిరుగాడు ఒక స్వచ్ఛమైన నీరు ఉండును. ఆ నీరు ఏ సమయమందైనను సుమారు 150 మిల్లీలీటర్లు. కాని దినమునకు దాదాపు అర లీటరు క్రొత్తగా ఊరుచు, పాతది ఇంకుచుండును. ఈ మూడింటిలో ఏ ఒకటి పెరిగినను తక్కిన రెండును తగ్గవలెను. తగ్గుటకు చోటు లేనపుడు లోపలి ఒత్తిడి పెరుగును. ఎడింబరో నగరపు వైద్యులైన మన్రో, కెల్లీ అనువారు 1783లోను 1824లోను చెప్పిన ఈ సూత్రము నేటికిని మెదడు రోగుల సంరక్షణకు పునాదిగా ఉన్నది.

కంతిని తీసివేసిన తరువాత చోటు మిగులును గదా, మరి భయమెందులకని అడుగవచ్చును. కంతి ఉన్నచోట సన్నని రక్తనాళములను మూసివేసియుందురు. వానిలో ఒకటి మరల తెరచుకొన్నచో రక్తము చేరి గడ్డకట్టును. ఇట్టి రక్తస్రావము ఎక్కువగా మొదటి 6 గంటలలో, తరువాత మొదటి దినములోగా కనిపించును. రెండవ విషయము వాపు. చేతికి దెబ్బ తగిలిన మరునాడు వాచినట్లే, కత్తి తగిలిన మెదడు కూడ వాచును. ఆ వాపు రెండవ, మూడవ దినములలో ఎక్కువై, పిదప క్రమముగా తీయును. అనగా, శస్త్రచికిత్స అయిన సాయంకాలము మాటలాడిన రోగి మరునాడు మందముగా ఉండుట సంభవమే. అది సహజమైన వాపా, లోపల రక్తము చేరుటయా అను విషయము ఇంట నిర్ణయింపరాదు. అందులకే ఇంటెన్సివ్ కేరు శాల ఏర్పడినది.

ఈ ఏర్పాటు చరిత్ర చిన్నదే. అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో వాల్టరు డాండీ అను మెదడు శస్త్రవైద్యుడు 1923లో తన రోగులకొరకు మూడు పడకలను ప్రత్యేకముగా ఏర్పరచెను. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెనులో పోలియో వ్యాపించి, ఊపిరి తీయలేని రోగులకు వైద్య విద్యార్థులు వంతులవారీగా కూర్చుండి చేతితో గాలి సంచిని నొక్కి ప్రాణములు నిలిపిరి. ఆ అనుభవము నుండియే నేటి ఇంటెన్సివ్ కేరు శాల పుట్టినది. మన దేశమున మెదడు శస్త్రచికిత్సా విభాగము 1949లో వెల్లూరున డాక్టరు జేకబ్ చాండీ, 1950లో మద్రాసున డాక్టరు బి. రామమూర్తి ఆరంభించిరి. విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రిలో డాక్టరు బాలపరమేశ్వరరావు ఆ దశకమందే ఈ విద్యను తెలుగునాట నాటెను. హైదరాబాదులో 1964లో ఎముకల ఆసుపత్రిగా మొదలైన నిజాము వారి సంస్థ నేడు నిమ్స్ పేరున మెదడు చికిత్సకు పేరుపొందినది.

ఈ విద్య ఎంత ముందునకు పోయినదో ఒక్క ఉదాహరణము చాలును. 2022లో సికిందరాబాదులోని ప్రభుత్వ గాంధీ ఆసుపత్రిలో ఒక వృద్ధురాలికి మెలకువగా ఉండగనే మెదడు కంతి తీసిరి. ఆమె ఆ సమయమున చిరంజీవి నటించిన 'అడవి దొంగ' చిత్రము చూచుచుండెనని పత్రికలు వ్రాసినవి. వినోదము కొరకు చేసిన ఏర్పాటు కాదది. మాటకు, చేతి కదలికకు సంబంధించిన మెదడు భాగములకు హాని కలుగుచున్నదేమో వెంటనే తెలిసికొనుటకు రోగిని మెలకువగా ఉంచి మాటలాడించుచుందురు.

గంట గంటకు లేపుట ఏల?

ఇక శాలలోనికి పోవుదము. రోగి తలకు కట్టు, నోటనో ముక్కుననో గొట్టము, చేతులకు సెలైను, రొమ్మున తీగలు, మూత్రమునకు సంచి, ప్రక్కన శబ్దము చేయు పెట్టెలు ఉండును. మొదటిసారి చూచిన బంధువు కాళ్లు వణకుట సహజము. ఈ పరికరములలో ఒక్కటియు ఆ రోగి చావుబ్రతుకులలో ఉన్నాడనుటకు గుర్తు కాదు. కంతి తీసినవారిలో చాలామందిని, ఎంత బాగున్నను, మొదటి ఒకటి రెండు దినములు ఇచ్చటనే ఉంచుట ఆచారము.

పరికరములన్నిటి కంటె ఇచ్చట విలువైనది నర్సు చూపు. ఆమె గంటకొకమారు, మొదటి గంటలలో అంతకంటెను తరచుగా, రోగిని పిలిచి కన్ను తెరువుమనును, పేరడుగును, చేయి ఎత్తుమనును, టార్చిలైటు వేసి కంటిపాపలు చూచును. అర్ధరాత్రి ఈ పని చూచి, "నిద్రపోనీయరేమమ్మా" అని పోట్లాడిన బంధువులు ఎందరో కలరు. ఆ కోపములో ప్రేమయే ఉన్నది. కాని ఈ రోగి నిద్రపోవుచున్నాడా, స్పృహ తప్పుచున్నాడా అను భేదము లేపి చూచినగాని తెలియదు.

ఈ పరీక్షకు మార్కులు కలవు. స్కాట్లండులోని గ్లాస్గో నగరపు వైద్యులు టీస్‌డేలు, జెన్నెట్ అనువారు 1974లో దీనిని ఏర్పరచిరి. కన్ను తెరచుటకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తము 15. ఏమియు లేకున్నను 3 కంటె తగ్గవు. 15 ఉన్నవాడు పూర్తి స్పృహలో ఉన్నట్లు. 8గాని అంతకు తక్కువగాని ఉన్నవానికి సాధారణముగా శ్వాసకు గొట్టము అవసరమగును. నిన్న 14 ఉండి నేడు 12 అయినచో డాక్టరు వెంటనే స్కానింగునకు పంపును. "ఇవ్వాళ ఎన్ని మార్కులు?" అని బంధువులు అడుగవచ్చును, ఆ ఒక్క ప్రశ్నకు వచ్చు సమాధానము, "ఎట్లున్నాడు?" అను ప్రశ్నకు వచ్చు సమాధానము కంటె స్పష్టముగా ఉండును.

ఇచ్చట మన గ్రామస్థులు చేయదగిన గొప్ప సహాయము ఒకటి కలదు. దీనిని ఎవరును అడుగరు. రోగికి పూర్వమే ఉన్న లోపములను ఒక కాగితము మీద వ్రాసి నర్సుకు ఇయ్యవలెను. కంటి శుక్లము ఆపరేషను అయియున్నదా? అట్లయినచో ఆ కంటిపాప ఆకారము మారియుండవచ్చును. తెలియని డాక్టరు దానిని మెదడు ఒత్తిడి గుర్తుగా భ్రమపడవచ్చును. చెముడున్నదా? చిన్ననాటి పోలియో వలన కాలు సన్నబడియున్నదా? ఎడమచేతి వాటమా? ఏ భాష అర్థమగును? మన ప్రాంతమున తెలుగుతోపాటు కన్నడము, ఉర్దూ మాటలాడువారు కలరు. నర్సు ఏ కేరళమునుండియో వచ్చియుండును. ఆమె హిందీలో "హాథ్ ఉఠావ్" అన్నపుడు మన రైతు చేయి ఎత్తకున్నచో, అతనికి చేతిలో బలము లేదా, భాష రాదా? ఇంట పిలుచుకొను పేరు చెప్పినను మేలే. సర్టిఫికెట్టులోని పేరునకు పలుకనివాడు "మల్లన్నా" అన్నంతనే కన్ను తెరచును.

తల, ఊపిరి, నీరు

మంచము తలవైపు సుమారు 30 డిగ్రీలు ఎత్తియుంచుదురు. మెడ వంకర లేకుండ చూతురు. తలనుండి రక్తము సులభముగా క్రిందికి దిగుటకు ఇది తోడ్పడును. కొందరికి తలలోని నీరు బయటకు పోవుటకు సన్నని గొట్టము పెట్టియుందురు. దాని పెట్టెను చెవి మట్టమునకు సరిచూచి కట్టుదురు. బంధువు జాలిపడి దిండు సర్దినను, మంచము ఎత్తు మార్చినను ఆ లెక్క తప్పి, నీరు అవసరమునకు మించి కారిపోవుటయో, పోకుండ నిలిచిపోవుటయో జరుగును. కనుక మంచమును నర్సు లేకుండ ముట్టరాదు.

శ్వాస సరిగా లేనిచో రక్తములో బొగ్గుపులుసు వాయువు పెరుగును. దానివలన మెదడులోని రక్తనాళములు ఉబ్బి ఒత్తిడి ఎక్కువగును. అందువలన కొందరిని యంత్రము మీద ఉంచుదురు. యంత్రము పెట్టినచో ఇక తీయరనుట ఒట్టి అపోహ. చాలమందికి అది కొన్ని గంటల పనియే. రక్తపు పోటు ఎక్కువైనచో క్రొత్త గాయమునుండి రక్తము కారును. మరీ తగ్గినచో మెదడునకు ఆహారము అందదు. దానిని ఒక హద్దులో ఉంచుటకు మందులు మార్చుచుందురు. మూర్ఛలు రాకుండ మందు, వాపు తగ్గుటకు డెక్సామెథసోను, అవసరమైనచో మెదడులోని నీటిని లాగు మానిటాలు ఇత్తురు. డెక్సామెథసోను వలన రక్తములో చక్కెర పెరుగవచ్చును గనుక, మధుమేహము లేనివానికిని వ్రేలు గుచ్చి పరీక్షింతురు.

రోగి స్పృహ వచ్చినంతనే "దాహము" అనును. తల్లి కొబ్బరినీళ్లు తెచ్చియుండును. రెండు చుక్కలు పోసిన పాపమా అని అనిపించును. అయితే కంతి మెదడు వెనుకభాగమున, మెడకు దగ్గరగా ఉండినవారికి మ్రింగు శక్తి తాత్కాలికముగా తగ్గియుండవచ్చును. ఆ రెండు చుక్కలు ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియా కలిగించును. నర్సో, థెరపిస్టో మ్రింగుట పరీక్షించి అనుమతి ఇచ్చువరకు చెంచాడు నీరు సైతము పోయరాదు. తిమ్మప్ప తీర్థమైనను పెదవులకు తాకించి ఊరకుండుటయే మంచిది, స్వామి ఆక్షేపింపడు.

మూత్రపు సంచిని గూర్చి ఒక మాట. మెదడు అడుగున గోలీకాయంత పిట్యూటరీ గ్రంథి కలదు. ఆ ప్రాంతమున శస్త్రచికిత్స జరిగినవారికి మూత్రము విపరీతముగా పోయి, రక్తములోని ఉప్పు హద్దు మీరును. మరికొందరిలో నీరు లోపలనే నిలిచి ఉప్పు తగ్గిపోవును. రక్తములో సోడియము లీటరునకు 135 మొదలు 145 వరకు ఉండవలెను. రెండు వైపులను తప్పినచో మగత, మూర్ఛలు కలుగును. నర్సు గంట గంటకు సంచి కొలుచుట ఇందులకే. సంచి నిండినదని శుభ్రత కొరకు బంధువే పారబోసినచో కొలత పోయినట్లే.

పక్షవాతము వచ్చినట్లున్న కాలు కదలక పడియుండుట వలన రక్తము గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోవచ్చును. అందుకు కాళ్లకు గాలి మేజోళ్లు తొడుగుదురు. ప్రతి రెండు గంటలకు ప్రక్క మార్చి పడకపుండ్లు రాకుండ చూతురు. ఫిజియోథెరపీ కొందరికి మరునాడే మొదలగును. కాళ్లు ఆడింపుమని వారు చెప్పినపుడు మాత్రము బంధువుల చేతులు ఎంతయో ఉపయోగపడును.

"గాలి సోకినది" అను మాట

ఇంటెన్సివ్ కేరులో ఉన్న రోగి ఒక రాత్రి హఠాత్తుగా చనిపోయిన తండ్రితో మాటలాడును, గొట్టములు పీకబోవును, నర్సు తనను చంపుటకు వచ్చినదని కేకలు వేయును. పగలు రాత్రి తెలియని వెలుతురు, నిద్రలేమి, మందులు, మెదడు వాపు ఇవన్నియు కలిసి కలిగించు తాత్కాలికమైన కలవరమిది. వైద్యులకు సుపరిచితమైనది. గ్రామమున ఈ వార్త తెలిసినంతనే "గాలి సోకినది, ఇంటికి తెండి" అను సలహా టెలిఫోనులో వచ్చును. నా అభిప్రాయమున పంచాయతీ సభ్యుడు గట్టిగా అడ్డు నిలువవలసిన ఘట్టమిది. కలవరము ఉప్పు తగ్గుట వలనను, రక్తము చేరుట వలనను కూడ రావచ్చును గనుక డాక్టరు దాని కారణము వెదకును. బంధువులు చేయవలసినది ప్రక్కన కూర్చుండి, ఇది ఫలాని ఊరు, ఫలాని ఆసుపత్రి, నేడు ఫలాని వారము అని నెమ్మదిగా చెప్పుట. కంటి అద్దములు, చెవి మిషను ఉన్నచో తెచ్చి ఇచ్చుట.

ముఖము వాచి కన్ను మూసికొనిపోవుట మరొక భయకారణము. నుదుటి భాగమున కోత పడినచో చర్మము క్రిందనున్న నీరు కంటికి దిగును. మనిషి పలుకుచున్నంతవరకు అది కొలది దినములలో తీసిపోవును.

బలగమంతయు బండి కట్టుకొని పోయి లోనికి పంపుమని వాదించుట తగదు. కోత పడిన తలకు సూక్ష్మజీవి సోకినచో మెదడు పొరలకు పాకును. ఒకరు చొప్పున, చేతులు సబ్బుతో కడిగి, చెప్పిన వేళకే పోవలెను. ఊరివారి ప్రేమ వేరు విధముగా పనికివచ్చును. రక్తదాతలను నలుగురిని సిద్ధపరచుట, ఆసుపత్రి యొద్ద ఇద్దరు వంతులవారీగా ఉండునట్లు ఏర్పాటు, ఇంటనున్న పశువులకు మేత, పిల్లలకు అన్నము.

అందరును కోలుకొందురని ఈ పత్రిక చెప్పజాలదు. కొందరికి మాటయో, చేయియో తిరిగి రాకపోవచ్చును, కొందరు యంత్రము మీదనే ఉండిపోవుదురు, కొందరు దక్కరు. అట్టి సమయమున కుటుంబములో ఒకే ఒక్కరు డాక్టరుతో మాటలాడి, విన్నదానిని తక్కినవారికి చెప్పుట మేలు. పదిమంది పది విధములుగా విన్నచో ఆసుపత్రి వరండాలోనే తగవు పుట్టును.

ఖర్చు

భూమి అమ్మవలసియుండునా అను ప్రశ్న ఎట్లును వచ్చును. ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న మొట్టమొదట ఆరంభమైన మూడు జిల్లాలలో మహబూబునగరు ఒకటి; మల్దకల్ అప్పుడు ఆ జిల్లాలోనిదే. 2016 అక్టోబరులో జోగుళాంబ గద్వాల జిల్లా ఏర్పడినది. తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో కుటుంబమునకు పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచినది. మెదడు కంతి శస్త్రచికిత్స ఈ పథకములో ఉన్నది. అయితే రోగిని చేర్చుటకు ముందే, ఆ ఆసుపత్రి ఈ చికిత్సకు పథకములో నమోదైనదా అని అచ్చటి ఆరోగ్యమిత్రను అడుగవలెను. మనకు కర్నూలు హైదరాబాదు కంటె చాల దగ్గర. కాని తుంగభద్ర దాటినచో రాష్ట్రము వేరు. పథకము వర్తించునో లేదో బయలుదేరుటకు పూర్వమే 104కు ఫోను చేసి తెలిసికొనవలెను. ఆధారు, ఆహారభద్రత కార్డు, పాత స్కానింగు ఫిల్ములు ఒక సంచిలో ఉంచుకొనవలెను. ఫిల్ములు మడువరాదు.

ఇంటికి వచ్చిన తరువాత

కుట్లు సాధారణముగా 7 మొదలు 10 దినములలో తీయుదురు. డెక్సామెథసోను మాత్రలను బాగున్నదని ఒక్కసారిగా మానినచో ప్రమాదము. చీటీలో వ్రాసిన విధముగా క్రమముగా తగ్గింపవలెను. మూర్ఛ మందును డాక్టరు చెప్పువరకు ఒక్క పూటయైనను మానరాదు. మూర్ఛ వచ్చినపుడు రోగిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, చుట్టునున్న రాయి, రప్ప తీసివేసి, గడియారము చూడవలెను. నోటిలో ఏమియు పెట్టరాదు. 5 నిమిషములు దాటినచో 108ని పిలువవలెను. ముక్కునుండిగాని కోతనుండిగాని నీరు కారుట, జ్వరముతో మెడ బిగియుట, తలనొప్పి పెరిగి వాంతులగుట, మగత, ఒక ప్రక్క చేయి కాలు బలము తగ్గుట కనిపించినను మరునాటివరకు ఆగరాదు. ముక్కు ద్వారా శస్త్రచికిత్స జరిగినవారు కొంతకాలము ముక్కు చీదరాదు.

డాక్టరు అనుమతించువరకు ట్రాక్టరు, మోటారు సైకిలు నడపుట, బావిలోనికి, కాలువలోనికి దిగుట, చెట్టెక్కుట, రాత్రి ఒంటరిగా మోటారు వేయబోవుట కూడదు. నెట్టెంపాడు కాలువ గట్టున మూర్ఛ వచ్చినచో రక్షించువారుండరు. అట్టివానికి ఉపాధి పనిలో తేలికపని ఇప్పించుట, వైకల్యము మిగిలినచో ధ్రువపత్రము కొరకు జిల్లా ఆసుపత్రికి పంపుట పంచాయతీ చేయగలిగిన పనులు. ఆశా కార్యకర్తకు రోగి పేరు చెప్పియుంచినచో ఆమె వారమునకొకమారు కుట్లు, మాత్రలు చూచిపోవును.

తీసిన కంతిని సూక్ష్మదర్శినితో పరీక్షించిన ఫలితము కొన్ని దినములకు వచ్చును. ఆ కాగితము తెచ్చుకొనక ఊరికి వచ్చినవారు అనేకులు. దానిని తప్పక తెప్పింపవలెను. మెదడు పై పొరలలో పుట్టు మెనింజియోమా వంటి కంతులు చాలవరకు సాధువైనవి. పూర్తిగా తీసినచో కొందరికి స్కానింగుతో పరీక్షించుకొనుచుండుట చాలును. గ్లయోమా జాతిలో కొన్నిటికి కిరణచికిత్స కావలెను. అది సాధారణముగా వారమునకు 5 దినముల చొప్పున 6 వారములు సాగును. హైదరాబాదులో 1955లో స్థాపితమైన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వమువారిది. అచ్చట ఈ చికిత్స కలదు. మల్దకల్ నుండి నిత్యము పోయివచ్చు దూరము కాదు గనుక, ఆ ఆరు వారములు రోగియు, తోడు ఒకరును నగరమున తలదాచుకొనుటకు చోటు, తిండి ముందుగా చూచి పెట్టవలసియుండును. విత్తనపు చేలలో పరాగసంపర్కపు పని ముమ్మరముగా సాగు దినములలో తోడు పోవువారు దొరకుట కష్టము. ఆ సంగతి పంచాయతీలో ముందే మాటలాడుకొని, ఎవరెవరు ఏ వారము పోవుదురో పేర్లు వ్రాసికొనుట మంచిది.